ఆఖరి మాట ఆయిల్ ఫిల్టర్ గురించే

"గాడీల ఆయిల్ బదిలిపియ్యాలె. ఫిల్టర్ సుత. యాదికున్నదా?"

"ముందు నువ్వు మంచిగ గాలి పీల్చుకో. గాడీ యాడికి వోతది?"

"ఫిల్టర్ మీదికెళ్లి కనవడది. కిందికెళ్లి సూడాలె."

"నువ్వొచ్చి నువ్వే సూపియ్యి."

"సరె."

అంతే. నాకూ నా పెనిమిటికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఫోన్‌లో. ఆయన ఆసుపత్రి మంచం మీద, నేను వంటింట్లో పొయ్యి ముందు. ఆ తర్వాత నర్సు ఫోను తీసుకుంది. మూతికి గొట్టం పెట్టాలి, ఇక మాట్లాడించకండి అంది. మర్నాడు పొద్దున ఇంకో ఫోను వచ్చింది. అది ఆయన చేసింది కాదు.

ఇది ముందుగా రాయి బిడ్డా. మిగతాదంతా తర్వాత. ఎందుకంటే ఈ మాటల మీద ఇంకో మాట తెచ్చి కప్పారు. కప్పినవాడు నా మరిది. ఇప్పుడు కలం పట్టుకుని నా ముందు కూర్చున్నది ఆయన కన్నబిడ్డే. నీ చెయ్యి ఆగుతోంది, నాకు కనపడుతూనే ఉంది. ఆపకు. నాకు సంతకం చేయడం, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం తప్ప అక్షరం రాదు. ఈ ఇంట్లో తెలుగు బాగా రాసేది నువ్వొక్కదానివే. ఈ గుజరాతీల ఊళ్ళో మునిసిపాలిటీ నడిపే తెలుగు బడిలో పట్టుబట్టి నిన్ను చేర్పించింది మీ పెదనాయనే. నా మాటను నీ బడి తెలుగులోకి మార్చుకుంటావో, మార్చుకో. సంగతి మాత్రం మార్చకు.

మాది ఏడుగురు కూర్చునే పెద్ద గాడీ. ఎవరో డాక్టరు వాడి అమ్మేసింది. ఊరికి రైల్లో నిలబడి పోయి పోయి విసిగిపోయి ఆయన దాన్ని కొన్నాడు. ఊరి చివర సచిన్ అనే చోట ఒక బట్టల కార్ఖానాలో ఆయన సాంచాల మాస్టరు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ చప్పుడులో బతికీ బతికీ ఆయనకు చెవులు సగం పోయాయి. నేనూ అక్కడే నూలు కండెలు చుట్టినదాన్ని, అరిచి మాట్లాడీ మాట్లాడీ నా గొంతు ఇట్లా బొంగురుపోయింది. చివరికి ఆయనకు కళ్ళు కూడా మసకబారాయి. సాయంత్రమైతే ఎదురుగా వచ్చే లారీ ఏదో, గోడ ఏదో తెలిసేది కాదు. అందుకని నాకు బండి నేర్పాడు.

మొదటి లాక్‌డౌన్ సడలించిన రోజులవి. సాంచాలు సగమే నడుస్తున్నాయి, చేతిలో పని తక్కువ. పొద్దున్నే డుమస్ రోడ్డు మీదికి తీసుకుపోయేవాడు. బజ్జీల బండ్లు ఇంకా తెరిచి ఉండేవి కావు, రోడ్డంతా ఖాళీ.

"కాలు నిమ్మలంగ తియ్యి. మగ్గం తొక్కుతున్నవా ఏంది?"

"మగ్గమైతే గింత మొత్తుకోదు."

"మొత్తుకునేది గాడీ కాదు, నేను."

లైసెన్సు కూడా వచ్చింది. రోడ్డు గుర్తుల పటాలు చూపించి అడుగుతారు కదా, ఆ పటాలు ఇంట్లో గోడకు అంటించి, అన్నం తినేటప్పుడు కూడా అడిగి నా చేత చెప్పించాడు. ఆ తర్వాత మేమిద్దరం, మేముండే ఉన్ అనే పేటలో మా బిల్డింగు చుట్టుపక్కల ఆడవాళ్ళను గాడీలో సచిన్‌కు తీసుకెళ్ళి దింపేవాళ్ళం. బస్సులకు అప్పుడు ఠికాణా లేదు. ఆ ఆడవాళ్ళు కండెలు చుట్టేవాళ్ళు, బట్టలు మడతపెట్టేవాళ్ళు. నడిపేది నేను, పక్కన కూర్చునేది ఆయన. తలా ఇంత ఇచ్చేవాళ్ళు. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక నాకు కూడు పెట్టేది ఆ గాడీ ఒక్కటే. ఇది అందరికీ తెలుసు, మీ నాయనకు అందరికంటే బాగా తెలుసు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు పోయాడు, ఆయన ముఖం నాకు చూపించలేదు. సంచిలో చుట్టి తీసుకుపోయారు. అది అందరికీ జరిగింది, దాని గురించి ఒక్కదాన్నే ఏడవను. నా కోపం దాని మీద కాదు.

దినాల నాడు ఎక్కువమంది రాకూడదన్నారు. వచ్చినవాళ్ళు మూతులకు గుడ్డలు కట్టుకుని కింద పార్కింగ్‌లో దూరం దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నన్ను ఒక మూల చాప మీద కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతి మనిషీ ఒకటే అడిగింది. ఆఖరికి ఏమన్నాడు? నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ఆయిల్ ఫిల్టర్ మార్పించమన్నాడని. ఎవరికీ నచ్చలేదు. భార్య మీద బెంగపడాలట. కళ్ళనీళ్ళు పెట్టుకోవాలట. నా పెనిమిటి ఏం అనాలో కూడా వాళ్ళే చెప్తున్నారు.

"దేవుని పేరు తియ్యలేదా అక్కా?" అంది ఒకామె.

"తియ్యలే. ఆయిల్ పేరు తీసిండు."

ఆమె ముఖం తిప్పుకుంది. సరిగ్గా అప్పుడు మా మరిది లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడతపెట్టిన రుమాలు. మా కులసంఘం పెద్దమనిషి వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"అన్న నాతోని సుత మాట్లాడిండు. ఆఖరిసారి. గాడీ నువ్వే తీస్కో తమ్మీ, మీ వదినెతోని కాదు, నువ్వే సంభాలించు అన్నడు. గదే ఆయన ఆఖరి మాట."

నేను చాప మీద నుంచి లేచాను. లేవకూడదట ఆ రోజు. లేచాను.

"ఎప్పుడన్నడు?"

"నీతోని మాట్లాడినంక."

"నాతోని మాట్లాడినంక మూతికి గొట్టం వెట్టిన్రు. గొట్టంలకెళ్లి అన్నడా?"

"వదినె, దినాల నాడు నన్ను అబద్ధాలకోరు అంటున్నవు."

"దినాల నాడు అబద్ధమాడినోన్ని ఏమనాలె?"

ఫోను చూపించమన్నాను. ఆసుపత్రిలో ఎవరిదో ఫోన్‌తో చేశాడు, ఆ నంబరు పోయింది అన్నాడు. అందరూ తలలూపారు. అదే నా మాటకు మాత్రం సాక్షి కావాలన్నారు. నా గొంతు సంగతి తెలుసు కదా, ఆ రోజు నేను ఫోన్‌లో అన్నది పక్కింటి గుజరాతీ అత్త గోడ అవతల నుంచి మొత్తం విన్నది. కానీ ఆమెకు తెలుగు రాదు. నేను అరిచానని తప్ప ఏం సాక్ష్యం చెప్తుంది?

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. మొగుడు పోయిన ఆడది ఏడాది తిరిగేదాకా ఇల్లు దాటదు, చక్రం పట్టదు, ఎట్లాగూ గాడీ నీకెందుకు అన్నాడు. ఏడాది దాకా నేను ఏం తినాలో ఆయన చెప్పలేదు. నేను అడిగాను. వాళ్ళ దగ్గర కట్టుబాటు ఉంది, కూడు లేదు.

అప్పుడు మా మరిది నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒంట్లో మంట.

"సరె, నీ మాటే నిజమనుకుందం. అన్న ఫిల్టర్ ముచ్చట చెప్పిండంటున్నవు గద. సచ్చిపోయేటప్పుడు చెప్పిండంటే ఏ జాగల ఉన్నదో సుత చెప్పే ఉంటడు. యాడున్నదో సూపియ్యి. సూపిస్తే గాడీ నీది. సూపియ్యకపోతే నాది."

"కిందికెళ్లి సూడుమన్నడు."

"సూసుకో మరి."

పెద్దమనిషి ఇది మంచి మాటే అన్నాడు. నాకు ఈ రోజుకీ అర్థం కానిది ఇదే. మగవాడి మాట గాలిలోంచి వచ్చినా చెల్లుతుంది. నా మాటను మాత్రం ఇంజను కిందికి దూరి నేనే లాగి చూపించాలి. ఆ ఫిల్టర్ ఎక్కడుందో నాకు తెలియదు మరి. చూపించడానికి ఆయన వస్తాడనుకున్నాను కదా.

వెతకడం మొదలుపెట్టాం, నేనూ నువ్వూ. ఇది నీకు గుర్తుంది, అయినా రాయి. నీ ఫోన్‌లో ఎవరో హిందీలో చెప్పే వీడియో పెట్టావు. చెంబంత రేకు డబ్బా, గుండ్రంగా ఉంటుంది, ఇంజను పక్కన అతుక్కుని ఉంటుంది అన్నాడు అందులోవాడు. బోనెట్ ఎత్తి చూస్తే డబ్బాలు చాలా ఉన్నాయి, చెంబు మాత్రం ఒక్కటీ లేదు.

"పెద్దమ్మా, గిదేనా?"

"అది బ్యాటరీ బిడ్డా. దాన్ని నేను సుత గుర్తువడత."

ఇంకో నల్ల పెట్టె మూత విప్పితే లోపల మడతలు మడతలుగా కాగితం ఉంది. అది గాలి ఫిల్టర్ అట, ఆయిల్‌ది కాదట. దుమ్ము ఎగిరి ఇద్దరం తుమ్మాం. ఆ రోజుల్లో తుమ్మితే ఏమవుతుందో తెలుసు కదా, మెట్లు దిగుతున్నవాళ్ళు మళ్ళీ పైకి ఎక్కి వెళ్ళిపోయారు.

గ్యారేజీలు మూసి ఉన్నాయి. మా గాడీ చూసే మెకానిక్ వాళ్ళ ఊరికి పోయాడు, ఫోన్ చేస్తే బంద్ తీసేశాక వస్తానన్నాడు. ఉన్ ఆడవాళ్ళు రోజూ వచ్చి "మాసీ, గాడీ కబ్ చలేగీ?" అని, బండి ఎప్పుడు తీస్తావని అడిగి, నడుచుకుంటూ పోయేవాళ్ళు. ఎండలో, ముఖాలకు దుపట్టాలు చుట్టుకుని. ఏదో ఒకటి తేలేదాకా గాడీ కదపవద్దని కూడా పెద్దమనిషి ఆ రోజే అన్నాడు. నా గాడీ ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మీ నాయన కూడా ఒకసారి వచ్చాడు. చొక్కా మాసిపోకుండా పేపరు పరుచుకుని, అరక్షణం కిందికి వంగి చూసి లేచాడు.

"ఈ మాడల్‌కు ఫిల్టరే రాదు."

"నీకు ఎవలు చెప్పిన్రు?"

"లేనిదాన్ని మార్పియ్యమని మా అన్న ఎట్లంటడు వదినె? నువ్వే కత అల్లుతున్నవు."

అల్లుతున్నానట. సాంచాల మధ్య బతికినదాన్ని, బట్ట నేయడమే తప్ప కత అల్లడం నాకు రాదు. ఆయన చిన్నప్పటి నుంచీ బట్టల దుకాణం గల్లా మీద కూర్చున్నవాడు. నేసిన బట్ట మడతలు విప్పడం తెలుసు. సాంచా పక్కన ఒక్క రోజు నిలబడలేదు. ఇది తిట్టడం కాదు, ముందు ముందు అక్కరకు వస్తుంది కాబట్టి చెప్తున్నాను.

ఆ మధ్యాహ్నం నాకు ఇక ఓపిక చచ్చిపోయింది. చీరల అట్టపెట్టె చింపి పరిచాను. ఆయన చొక్కా ఒకటి పైన వేసుకుని, చీర కుచ్చెళ్ళు బిగించి, వెల్లకిలా గాడీ కిందికి జరిగాను. నువ్వు పక్కన కూర్చుని ఫోను లైటు పట్టావు. దారినపోయేవాళ్ళకు నా రెండు కాళ్ళే కనపడ్డాయట, దినాలు కూడా సరిగా దాటని మనిషి కాళ్ళు గాడీ కింద నుంచి బయటికి. దాని మీద ఎంత చెప్పుకున్నారో. చెప్పుకోనీ.

కింద అంతా ఇనుమే. దుమ్ము, మడ్డి. మెల్లగా ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాను. ఒకచోట కళ్ళు ఆగాయి. అన్నీ గట్టిగా ఉన్నాయి, అదొక్కటే ఉబ్బి ఉంది, దెబ్బ తగిలిన పిడికిలికి కట్టు కట్టినట్టు. నల్లగా, జిడ్డుగా. వేలు పెట్టి నొక్కాను. మెత్తగా దిగింది. గుడ్డ.

సాంచాకు అక్కడక్కడా నూనె ఊరుతుంది. ఆ చుక్క నేసే బట్ట మీద పడితే థాన్, అదే ఆ బట్ట తాను, మొత్తం డ్యామేజీ. అందుకని నూనె కారే చోట పాత గుడ్డ పేలిక, మేము చింది అంటాం, దాన్ని గట్టిగా చుట్టి, కొస లోపలికి దోపి, పక్కకు ముడి వేస్తాం. ఏ కార్ఖానాకు పోయినా సాంచాలకు ఇట్లా కట్లు ఉంటాయి, ముసలివాళ్ళ మోకాళ్ళకు కట్టినట్టు. ఇక్కడ కూడా అదే చుట్టు, అదే దోపుడు, అదే ముడి. మా ఆయన ఇంజనుకు చింది కట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది. బిల్డింగు వాళ్ళు పార్కింగ్‌లో కొత్త పలకలు వేయించాక, మా గాడీ కింద ఆయిల్ మరకలు పడుతున్నాయని రోజూ గొడవ పెట్టేవాళ్ళు. ఒకనాడు ఆయన వాళ్ళతో "హో గయా, ఠీక్ కర్ దియా" అని, బాగు చేసేశానని గర్వంగా చెప్పి వచ్చాడు. చేసింది ఇదీ. ఫిల్టర్ మార్చకుండా, అది కారుతుంటే పట్టీ కట్టాడు. పైగా ఆ గుడ్డ ఎక్కడిదో మడ్డి గోకి చూశాను. లోపల పచ్చ రంగు, అంచుకు చిన్న జరీ గీత. నా పచ్చ చీర. ఇల్లంతా వెతికాను దాని కోసం. అడిగితే ఎలుకలు కొట్టాయేమో అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అక్కడే, గాడీ కింద పడుకునే తిట్టాను.

"ఏందయ్యా, సాంచకు కట్టినట్టు ఇంజనుకు కడతవా? సాంచ గింత కాలుతదా? గీ నూనె గుడ్డ అంటుకుంటే ఏమయ్యేది? రోజు గంతమంది ఆడోళ్లను ఎక్కించుకపోయినం గద. మాస్టర్‌వట మాస్టర్‌వు."

"పెద్దమ్మా, ఎవరితోని మాట్లాడుతున్నవు?"

"మీ పెదనాయనతోని. జర ఆగు, ఇంక తిట్టేది ఉన్నది."

తిడుతూ ఉంటేనే తెలిసింది. ఆయనకు ఈ భయం ఉంది. మంచం మీద పడుకుని, ఊపిరి అందక, ఈ పట్టీ గుర్తొచ్చి ఉంటుంది. నేను గాడీ తీస్తానని తెలుసు, ఆడవాళ్ళు ఎక్కుతారని తెలుసు. ఫిల్టర్ మార్పించమని చెప్పడం బెంగ కాదా? దేవుడి పేరు తీయలేదా అని అడిగినామెకు ఈ మాట చెప్పాలని ఉంది. చెప్పినా ఆమెకు అర్థం కాదు.

ముడి విప్పలేదు. అట్లాగే ఉంచి, పెద్దమనిషినీ మీ నాయననూ పిలిపించాను. మా మరిది మళ్ళీ పేపరు పరుచుకున్నాడు.

"గిదేందో గుడ్డ."

"విప్పు."

"నేనెందుకు విప్పాలె?"

"కత అల్లిన అంటివి గద. అల్లిందాన్ని నువ్వే విప్పు."

విప్పాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా నల్లబడింది. కింద గుండ్రని రేకు డబ్బా, చెంబంత. "అరె" అన్నాడు. నల్లబడ్డ చెయ్యి పేపరుకు తుడుచుకున్నాడు. తర్వాత తేరుకున్నాడు.

"ఎవలో మెకానిక్ కట్టి ఉంటడు."

"ఏ మెకానిక్ నా పచ్చ చీర చింపుతడు?"

పెద్దమనిషి కూడా వయసులో ఉన్నప్పుడు సాంచాలు నడిపినవాడే. ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని ముడి చూసి నవ్వాడు. "గిది మనోళ్ల కట్టే. గాడీ ఆమెదే తియ్యి" అన్నాడు. ఏడాది దాకా చక్రం పట్టకూడదన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కూడా గుర్తు చేయలేదు.

బంద్ తీశాక మెకానిక్ వచ్చి కొత్త ఫిల్టర్ వేశాడు. ఆ గుడ్డ చూసి తల పట్టుకున్నాడు, "ఆగ్ లగ్ జాతీ మాసీ" అని, నిప్పంటుకునేదట. ఆ మర్నాటి నుంచి నేను మళ్ళీ ఉన్ నుంచి సచిన్‌కు నడుపుతున్నాను. మొదటి రోజు పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. వెనక ఇరుక్కుని కూర్చున్నారు గానీ ముందుకు రాలేదు. సిగ్నల్ దగ్గర నేనే గట్టిగా అన్నాను, ఒకరు ముందుకు రండి, సీటు ఊరికే పోతోందని.

గాడీ నాకు దక్కింది. కానీ మాట దక్కలేదు. అసలు నా మంట ఇదే, ఇది వివరంగా రాయి. ఆ రోజు పెద్దమనిషి వెళ్ళబోతుంటే నేను ఆపాను.

"నా మాట నిజమని తేలింది గద. మరి ఈయన మాట అబద్ధమని ఈయనతోని అనిపియ్యిన్రి."

మీ నాయన నేల చూస్తూ, "ఫిల్టర్ ముచ్చట సుత చెప్పిండేమో, గాడీ ముచ్చట సుత చెప్పిండు. రెండు మాటలు చెప్పొద్దా మనిషి?" అన్నాడు.

"ఇగ ఇడిసిపెట్టు బిడ్డా" అన్నాడు పెద్దమనిషి. "గాడీ వచ్చింది గద. ఇంటి ముచ్చట బజార్ల వెయ్యకు."

బజారులో వేసింది నేనా? పార్కింగ్‌లో అందరి ముందు లేచి నిలబడి చెప్పింది ఎవరు? చెప్పడానికి జనం కావాలి, వెనక్కి తీసుకోవడానికి మాత్రం నాలుగు గోడలు కావాలి. ఆ నాలుగు గోడల మధ్య కూడా తీసుకోలేదు. ఇప్పటికీ మనవాళ్ళ ఇళ్ళలో పెళ్ళికి పోయినా, పురుడుకు పోయినా, ఎవరో ఒకరు నా చాటున అంటారు. పాపం, అన్న తమ్ముడికి ఇమ్మన్నాడు, ఈమె ఇవ్వలేదని. చచ్చిపోయిన మనిషి నోట్లో తను అనని మాట ఉండిపోయింది. బతికి ఉంటే ఆయనే తుడుచుకునేవాడు. అందుకే కాగితం మీద పెట్టమంటున్నాను. మా కులసంఘం వాళ్ళు వేసే పుస్తకంలో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు పంపమన్నారు కదా, ఇదే నా జ్ఞాపకం. పండుగల గురించి రాసేవాళ్ళు వేరే ఉన్నారు.

నువ్వు ఇందాకటి నుంచి ఒక మాట అడగాలని చూస్తున్నావు.

"పెద్దమ్మా, పప్పా అన్నది సుత రాయాల్నా? మస్తు గుస్సా అయితడు."

రాయి. పేరు పెట్టలేదు కదా, మరిది అనే కదా అన్నాను. కోపం వస్తే వచ్చి నన్ను అడగనీ. ఆయన నిన్ను తిడితే నా ఇంటికి వచ్చెయ్యి, ముందు సీటు ఖాళీగానే ఉంది.

ఇక చాలు. ఇప్పుడు నాకు చదివి వినిపించు. మొదటి నుంచి వద్దు. దినాల నాడు మీ నాయన లేచి నిలబడ్డ దగ్గర మొదలుపెట్టు. ఆయన అన్నది అన్నట్టే పెట్టావా, కూతురివి కదా అని ఎక్కడైనా మెత్తగా చేశావా, విని చెప్తాను. చదువు.